మంచంలో అక్షరం

సోమసుందరం మాస్టారికి యాభై ఏడో ఏట జ్ఞానోదయం అయింది. అనకాపల్లిలో ఒక కల్యాణమండపం మేడ మీద అయిదు రోజుల శిక్షణ పెడితే, అందులో మూడో రోజు మధ్యాహ్నం, పులిహోర పొట్లాలు పంచిన తర్వాత అయింది.

అంతవరకు ముప్పై మూడేళ్లపాటు ఆయన పిల్లలు రెండు రకాలని నమ్మి పాఠాలు చెప్పారు. చదివే పిల్లలు, చదవని పిల్లలు. శిక్షణ ఇచ్చిన లక్ష్మీసాహితి అనే అమ్మాయి, ఆయన కూతురికన్నా నాలుగేళ్లు చిన్నది, తెర మీద బొమ్మలు వేసి, రకాలు రెండు కాదండీ మూడు అని చెప్పింది. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, కొందరు చేతులతో చేసి నేర్చుకుంటారు. పిల్లలే కాదు, పెద్దవాళ్లూ అంతే. ఎవరు ఏ రకమో కనిపెట్టి ఆ దారిలో చెబితే, రాని పిల్లంటూ ఉండదు. మాస్టారు మొదటి రోజు ఇది విని నవ్వుకున్నారు, రెండో రోజు కునికిపాట్లు పడ్డారు, మూడో రోజు లొంగిపోయారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. నాలుగో రోజు నుంచి ఆయన టీ అందించే మనిషిని కూడా ఏ రకమో అని పరకాయించి చూడసాగారు.

ఒక్కటే ఆయనకు మింగుడు పడలేదు. టీచర్లు ముందు తమ రకం తాము తెలుసుకోవాలని ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. పదహారు ప్రశ్నలు. మాస్టారికి చూడటంలో తొమ్మిది వచ్చాయి, చేయడంలో ఏడు వచ్చాయి, వినడంలో సున్న వచ్చింది. కూడిక మళ్లీ చూడమని ఆయన అడిగారు. లక్ష్మీసాహితి మళ్లీ చూసింది. కూడిక సరిగ్గానే ఉంది.

ఆ కాగితం ఇంటికి తెచ్చి భార్య వర్ధనమ్మకు చూపించారు.

"దీనికోసం అనకాపల్లి దాకా వెళ్లాలా? మన పెళ్లయిన ఏడాదికే నేను చెప్పాను," అంది ఆవిడ.

"చెప్పావా?" అన్నారు మాస్టారు.

వర్ధనమ్మ కాగితం మడిచి ఆయన చేతిలోనే పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నర్సీపట్నం ఊరి చివర, చెరకు తోటలు మొదలయ్యే చోట ఉన్న చిన్న బడి ఆయనది. రెండో తరగతిలో ఇరవై ఒక్కమంది. సోమవారం ఉదయం మాస్టారు ఫ్యాన్సీ షాపు నుంచి మూడు రంగుల బొట్టుబిళ్లల అట్టలు కొనుక్కుని మరీ వెళ్లారు. చూసేవాళ్ల నోటుబుక్కు మీద నీలం బిళ్ల, వినేవాళ్లకు పసుపు, చేసేవాళ్లకు ఎరుపు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఇరవై మంది తేలిపోయారు. చేసి నేర్చుకునేవాళ్లంటే కుదురుగా కూర్చోనివాళ్లని ఆయన అర్థం చేసుకోబట్టి పని త్వరగా సాగింది. ఇరవై ఒకటో పిల్ల దగ్గర ఆగిపోయింది.

ఆ పిల్ల పేరు వెంకటదుర్గ. ఏడేళ్లది. తల్లీతండ్రీ హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకి కాపలా ఉంటారు. అక్కడ వాళ్లకిచ్చింది మెట్ల కింద గది. అందులో ఇద్దరూ చంటి తమ్ముడూ ఇమడటమే గగనం కాబట్టి, దుర్గ ఇక్కడ అమ్మమ్మ అప్పయమ్మ దగ్గర పెరుగుతోంది. అల్లరి లేదు, మారాం లేదు. నోటుబుక్కుకి న్యూస్‌పేపరు అట్ట వేసుకుంటుంది. లెక్కలు చక్కగా చేస్తుంది. అక్షరాలు దిద్దితే అచ్చు గుద్దినట్టుంటాయి. చదవమంటే మాత్రం ఒక్క వాక్యం తిన్నగా సాగదు. రెండేళ్లుగా అంతే. పాత పద్ధతిలో అయితే మాస్టారు ఆ పిల్లను రెండో రకంలో పడేసి నిద్రపోయేవారు. ఇప్పుడు మూడు రకాలున్నాయి, ఒక్కదానిలోనూ ఇమడదు. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆయన బెంగ పిల్ల గురించి కాదు, బిళ్ల గురించి.

మంగళవారం అప్పయమ్మ వచ్చింది. పిల్లల ఇంట్లో పెద్దవాళ్ల చేత కూడా ఒక కాగితం నింపించాలని శిక్షణలో చెప్పారు. ఆవిడ గుమ్మం ముందు మెట్టు దగ్గర ఆగి, కాలితో మెట్టును వెతుక్కుని ఎక్కి, మాస్టారికి మూడడుగుల దూరంలో నిలబడి, "మేస్టారేనా?" అంది. రెండేళ్లుగా చూస్తున్న మనిషిని పట్టుకుని అలా అడగడం మాస్టారికి కొంచెం కష్టంగా తోచింది.

"నేనే. కూర్చోండి అప్పయమ్మగారూ. ఒక ప్రశ్న. మీరు కొత్త పనేదైనా చూసి నేర్చుకుంటారా, విని నేర్చుకుంటారా, చేసి నేర్చుకుంటారా?"

"కొత్త పనేటుంది బాబు నాకు? జీడిపిక్కలు కొడతాను. అదొక్కటే."

"అదే, ఆ పని ఎలా నేర్చుకున్నారు?"

"మా యత్త తిడతుంటే నేర్చుకున్నాను. తిట్లు తిని."

కాగితంలో దానికి గడి లేదు. మాస్టారు కాసేపు ఆలోచించి, తిట్లు చెవిన పడతాయి కాబట్టి 'విని' దగ్గర టిక్కు పెట్టారు. వేలిముద్ర వేయమంటే ఆవిడ వేలు కాగితం దాటి బల్ల మీద పడింది. ఆయనే వేలు పట్టుకుని గడిలో పెట్టించారు.

లేచేముందు అప్పయమ్మ అసలు సంగతి చెప్పింది.

"ఆదోరం నాడు మా సిన్నమ్మి, దుర్గ పిన్ని, వొత్తాది బాబు, ఎస్. రాయవరం నుంచి. గుంటని తీసుకుపోద్ది. దానికి పసిపిల్లుంది, ఆడించడానికి మనిషి కావాల."

"తీసుకుపోవడమేమిటి? మరి చదువు?"

"సదువేదీ? రెండేళ్లయింది. ఒక్క మాట సదవనేదు. మీరేగా సెప్పినారు, దీనికి రాదనీసి. ఆడైతే మూడు పూట్లా అన్నమన్నా తింటాది."

 అది మాస్టారు అన్న మాటే. సంక్రాంతి సెలవుల ముందు, మార్కుల కార్డు చేతికిస్తూ అన్నారు. అలా అన్నప్పుడు ఆయనకు రెండు రకాలే తెలుసు.

"ఆదివారం లోపల చదివితే?"

"సదివితే అప్పుడు సూద్దారి," అంది అప్పయమ్మ. ఆ మాట ఆవిడ నమ్మి అన్నది కాదు, పెద్దమనిషి అడిగాడు కదాని అన్నది. మెట్టు దగ్గర మళ్లీ కాలితో వెతుక్కుని దిగి వెళ్లిపోయింది.

బుధవారం మాస్టారు చూపించడంతో మొదలుపెట్టారు. దుర్గ తడబడేది ఎక్కువగా 'చ' దగ్గరేనని ఆయన పసిగట్టారు. అందుకని చార్టు ముందు నిలబెట్టారు. అదేమీ పాత చార్టు కాదు. శిక్షణ నుంచి వస్తూ ఆయన దగ్గరుండి చేయించిన రంగుల ఫ్లెక్సీ. 'చ' గడిలో నాలుగు బొమ్మలున్నాయి. చేప, చెట్టు, చీమ, చిలక.

"ఇదేమిటి?" అని చేప మీద బెత్తం పెట్టారు.

"సేప అండి."

"ఆఁ. దాని మొదటి అక్షరమే ఇది. ఏ అక్షరం?"

"స."

"స కాదమ్మా, చ. చేప. చెట్టు చూడు. ఏ అక్షరం?"

దుర్గ చెట్టును శ్రద్ధగా చూసింది. ఆకులతో సహా చూసింది. "స అండి," అంది.

సాయంత్రం దాకా చూసింది ఆ పిల్ల. చూసేకొద్దీ ఇంకా గట్టిగా 'స' అంది. చూసేరకం కాదని మాస్టారు రాసుకున్నారు.

గురువారం వినిపించారు. కళ్లు మూసుకోమని చెప్పి, చెవి దగ్గర "చ, చ, చ" అని ఇరవైసార్లు అన్నారు. అనమంటే ఆ పిల్ల కూడా "చ, చ, చ" అని గంట కొట్టినట్టు అంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. కళ్లు తెరవమని పలక మీది అక్షరం చూపించారు. "స," అంది దుర్గ. పక్క వరసలో బుల్లిబాబు అనేవాడు కిసుక్కున నవ్వాడు. వాడి నోటుబుక్కు మీద పసుపు బిళ్ల ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వర్ధనమ్మ, "పోనీ ఆ పిల్లనే అడక్కపోయారా, ఎందుకలా అంటున్నావని?" అంది.

"ఏడేళ్ల పిల్లకేం తెలుస్తుంది?" అన్నారు మాస్టారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. రెండు కాళ్లు చూశారు, ఇంకొకటి మిగిలింది.

శుక్రవారం దోసెడు చింతపిక్కలు తెచ్చి అరుగు మీద పోశారు. 'చ' పేర్చమన్నారు. దుర్గ గొంతుక్కూర్చుని, పిక్క పక్కన పిక్క పెట్టి, చివర మెలిక దగ్గర చిన్న పిక్కలు ఏరి పెట్టి, ఫ్లెక్సీలో ఉన్నదానికన్నా అందంగా పేర్చింది. మాస్టారికి ముచ్చటేసింది.

"ఏం అక్షరమమ్మా ఇది?"

"స అండి. సింతపిక్కలో స."

మాస్టారు అరుగు మీద చతికిలబడ్డారు. మూడు కాళ్లూ అయిపోయాయి. రేపు శనివారం, ఎల్లుండి ఆదివారం. ఎస్. రాయవరంలో ఒక పసిపిల్లను చంకనేసుకుని, ఏడేళ్ల ఈ పిల్ల వీధుల్లో తిరగడం ఆయన కళ్లకు కట్టింది. అప్పుడే మొదటిసారి ఆయనకు బిళ్ల సంగతి మరుపొచ్చి, పిల్ల సంగతి పట్టుకుంది. 

ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ క్లాసు మొత్తానికి డిక్టేషన్ ఇచ్చారు. ఒక్కటే మాట. "మంచం."

పిల్లలు రాశారు. దుర్గ పలక చూశారు. 'మ' రాసి, పక్కన సున్న పెట్టి, ఒక అక్షరం పట్టేంత చోటు వదిలేసి, చివర ఇంకో సున్న పెట్టింది. మధ్యలో ఏమీ లేదు.

"ఈ ఖాళీ ఏమిటి?"

"అది ఆ అచ్చరానికండి."

"ఏ అక్షరానికి?"

"మంచంలో అచ్చరానికండి. మీరింకా సెప్పనేదు కదండి. సెప్పాక రాద్దారనీసి జాగా ఒగ్గీసానండి."

మాస్టారు ఆ మాటలు మనసులో మళ్లీ అనుకున్నారు. అచ్చరం, మంచం. ఇప్పుడే ఆ పిల్ల నోట్లోంచి 'చ' శుభ్రంగా, గట్టిగా వచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చింది. రెండేళ్లుగా వస్తూనే ఉండాలి.

నోటుబుక్కు అడిగి తీసుకున్నారు. మొదటి పేజీ నుంచి తిప్పారు. కంచం అన్నచోట 'కం' తర్వాత ఖాళీ. పచ్చడిలో 'ప'కీ 'డి'కీ నడుమ ఖాళీ. మంచి అన్నచోట అక్షరం లేకుండా గుడి ఒక్కటీ గాల్లో నిలబడి ఉంది. ఎక్కడా అడ్డదిడ్డంగా లేదు, ప్రతిచోటా సరిగ్గా ఒక్క అక్షరానికి సరిపడా చోటు. వాటన్నిటి మీదా ఆయన ఎర్ర ఇంటూ మార్కులున్నాయి. ఖాళీగా ఉంది కదాని మార్కు సరిగ్గా ఆ ఖాళీలోనే పెట్టారు. పెట్టిన మనిషి ఒక్కసారైనా, ఈ పిల్ల ఇక్కడే ఎందుకు ఆగుతోంది అని చూడలేదు.

"దుర్గా, ఇది చ అని నేను రోజూ చెబుతున్నాను కదా. నీకు వినబడలేదా?"

పిల్ల తల దించుకుంది.

"చెప్పమ్మా. ఏమీ అనను."

"మా అమ్మమ్మ అనొద్దందండి."

"ఏమని?"

"మాట తిరగనోల్ని ఎక్కిరించకూడదనీసి. మా ఈదిలో జోగులు తాతకి నత్తండి. ఆయన్ని కూడా ఏటీ అనకూడదు."

"నాకు నత్తా?"

"అన్నిటికీ కాదండి," అంది దుర్గ, ఆయన నొచ్చుకోకుండా. "సబ్బుకి బాగానే పలుకుతాది. సంచికీ పలుకుతాది. సేపకే రాదు. సెట్టుకి రాదు, సీమకి రాదు. సిలక్కీ రాదు. రోజూ మీరు కట్టపడతంటే నాకే జాలేసీది."

మాస్టారు చార్టు వైపు చూశారు. చేప, చెట్టు, చీమ, చిలక. నాలుగు బొమ్మలు, నాలుగూ 'చ'తో మొదలయ్యేవే. దుర్గ ఇంట్లో మాట మొదట వచ్చే 'చ'ని ఎవరూ 'చ' అనరు, 'స' అంటారు. మాట నడుమ వచ్చే 'చ'ని మాత్రం అందరిలాగే అంటారు. అలా చేప అనే మనిషిని ఆ పిల్ల తన జన్మలో ఒక్కణ్నే చూసింది, ఆయన మాస్టారు. వీధి వీధంతా సేప అంటుంటే ఒక్కడు చేప అన్నాడంటే, లోపం వీధిదా, ఒక్కడిదా? పిల్ల లెక్కల్లో గట్టిది. సేప బొమ్మ పక్కన ఉన్న అక్షరం 'స' అని తేల్చుకుంది. పాపం మాస్టారికి పలకదు. శ, ష, స అని ఒకలాంటివి ఎలాగూ మూడున్నాయి, ఇది నాలుగోది. మరి మంచంలో వినిపించేదానికి అక్షరం ఏదీ? ఎప్పుడో చెబుతారు. చెప్పేదాకా చోటు ఉంచింది. మాస్టారు అయిదు రోజులు అనకాపల్లిలో కూర్చుని నేర్చుకున్న దానికన్నా ఇందులో ఎక్కువ తెలివి ఉంది. ఆయన చూపించమంటే చూపించారు, వినిపించమంటే వినిపించారు. ఆ పిల్లను అడగడం ఒక్కటీ చేయలేదు.

ఆయన చింతపిక్కల 'చ' మీద వేలు పెట్టారు.

"మంచంలో అక్షరం ఇదేనమ్మా."

దుర్గ ఆ అక్షరాన్ని చూసింది. ఆయన్ని చూసింది. "ఇది సేపలోది కదండీ!"

"రెండింట్లోనూ ఇదే. మాట మొదట ఉంటే మీ ఇంట్లో స అంటారు, నేను చ అంటాను. నడుమ ఉంటే అందరం చ అంటాం. అక్షరం మాత్రం ఒక్కటే."

పిల్ల ముఖం ఎర్రబడింది. అది సంతోషం కాదు, కోపం. "మరి రెండేళ్లూ సెప్పనేదేటండి?" అంది.

 "తప్పయిందమ్మా," అన్నారు మాస్టారు. ముప్పై మూడేళ్ల సర్వీసులో విద్యార్థితో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

ఆ సాయంత్రం బడి విడిచినా దుర్గ లేవలేదు. నోటుబుక్కు మొదటి పేజీ నుంచి ఖాళీలు నింపుకుంటూ వచ్చింది. నలభై మూడు. ఎర్ర ఇంకు చెరగదు కాబట్టి ఇంటూ మార్కుల మీదే రాసింది. గాల్లో గుడి కింద అక్షరం వచ్చి చేరింది. మాస్టారు పక్కనే కూర్చుని, ఆ పిల్ల నింపిన ప్రతి మాటనీ పైకి చదువుతుంటే విన్నారు. చీకటి పడుతుంటే వీధి చివరి దాకా దిగబెట్టి వచ్చారు.

ఇంటికొచ్చి వర్ధనమ్మతో, "నాకు నత్తట," అన్నారు.

"నత్తి కాదు, చెవుడు," అంది ఆవిడ. జరిగింది మొత్తం చెప్పాక మాత్రం నవ్వలేదు. "పాపం పిల్ల," అని ఊరుకుంది.

లక్ష్మీసాహితికి ఫోన్ చేసి, ఈ పిల్ల ఏ రకమని అడిగారు.  "ఇది మా దగ్గర లేదు సార్. ఇంకోసారి మెల్లగా చెప్పండి, రాసుకుంటాను," అంది. మంచి పిల్ల.

శనివారం మధ్యాహ్నం అప్పయమ్మ వచ్చింది. గోడ పట్టుకుని వచ్చింది. "మేస్టారేనా? గుంట పుత్తకాలూ పలకా తీసుకుపోదారని వొచ్చాను. రేపు పొద్దున్నే మా సిన్నమ్మి వొచ్చీత్తాది."

"దుర్గ చదువుతోంది అప్పయమ్మగారూ," అన్నారు మాస్టారు.  దుర్గను పిలిచి బోర్డు ముందు నిలబెట్టారు. అక్కడ మూడు వాక్యాలు రాసి ఉన్నాయి. చెరువులో చేప ఉంది. చెట్టు మీద చిలక ఉంది. మంచం మీద పిచ్చుక వాలింది.

"సెరువులో సేప ఉంది. సెట్టు మీద సిలక ఉంది. మంచం మీద పిచ్చుక వాలింది," అని దుర్గ ఎక్కడా ఆగకుండా చదివింది.

మాస్టారు గర్వంగా అప్పయమ్మ వైపు చూశారు.

"సదవమను," అంది అప్పయమ్మ.

"చదివింది కదా!"

"ఇది సదవడమేటి బాబు? మాటాడతంది. ఇంటికాడా ఇలాగే మాటాడతాది. సదువంటే మీలాగ ఇనబడాల."

ఇది మాస్టారు ఊహించని ముల్లు. నిన్నటిదాకా ఆయనా ఇదే అన్నారు. చదువంటే మాస్టారిలా వినబడాలనుకోబట్టే ఒక పిల్లకు రెండేళ్లు పోయాయి. ఇప్పుడదే మాట ఆ పిల్ల అమ్మమ్మ నోట వచ్చింది. "ఎవరు పలికినట్టు వాళ్లు చదువుతారండీ, అక్షరం చూసి చదవడమే చదువు," అన్నారు. అప్పయమ్మ ఒప్పుకోలేదు. నిన్న బట్టీ పట్టించి ఉంటారు అంది. ఆవిడ అన్నదాంట్లోనూ న్యాయముంది. బట్టీ పట్టించి ఇన్‌స్పెక్షన్లు గట్టెక్కించడం మాస్టారికి తెలియని విద్య కాదు.

"అయితే మీరే పరీక్ష పెట్టండి," అన్నారు ఆయన. "పిల్ల కుళాయి దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. మీరు నా చెవిలో ఒక్క మాట చెప్పండి. దానికి తెలియనిది, మీరెన్నడూ దానితో అననిది. నేను పలక మీద రాస్తాను. వచ్చి చదివితే బట్టీ కాదని ఒప్పుకుంటారా?"

అప్పయమ్మ ఆలోచించింది. "ఒప్పుకుంటాను," అంది.

దుర్గ కుళాయి దగ్గరికి వెళ్లింది. మాస్టారు వంగి చెవి ఇచ్చారు.  అప్పయమ్మ మెల్లగా ఒక వాక్యం చెప్పింది. మాస్టారు పలక మీద రాయడం మొదలుపెట్టారు. మామూలుగా అయితే ఆయన చెయ్యి దానంతటదే ఆ మాటలను పుస్తకం భాషలోకి దిద్దేది. ఈరోజు దిద్దలేదు. మొదటి మాటలో 'చ' నడుమ వచ్చింది, మూడో మాటలో మొదట వచ్చింది. పరీక్షకు ఇంతకన్నా మంచి వాక్యం కుదరదని ఆయన సంతోషించారు. అక్షరాలు గుండ్రంగా, పెద్దవిగా రాశారు. చివరి మాటలో ఒత్తు ఉంది, అక్కడ పిల్ల తడబడుతుందేమోనని భయపడ్డారు. పలక పట్టుకుని, "దుర్గా, రామ్మా," అని పిలిచారు.

దుర్గ వచ్చి, పలక చూసి, అక్షరం మీద వేలు పెట్టి చదివింది.

"మంచం... కాడ... సెంబు... నాకు... ఆ... న... ట్... ఆనట్నేదు."

ఒత్తు దాటేసింది. మాస్టారు చప్పట్లు కొట్టబోయారు. దుర్గ ఆయన్ని చూడటం లేదు. అమ్మమ్మను చూస్తోంది.

"అమ్మమ్మా, నీకు సెంబు ఆనట్నేదా?"

"పలకలో ఏటుంటే అది సదవాల. ఇంకేటీ అడక్కూడదు," అంది అప్పయమ్మ.

"పలకలో అదే ఉంది."

మాస్టారు అప్పుడు పలక వైపు చూశారు. తన చేత్తో రాసిన వాక్యమే. మంచం పక్కన పెట్టుకున్న చెంబు తనకు కనబడటం లేదని ఒక ముసలావిడ ఆయన చెవిలో చెబితే, ఆయన ఒత్తులు సరిచూసుకుంటూ రాశారు. ఆయనకు సిగ్గేసింది. రెండేళ్లలో మొదటిసారి అప్పయమ్మ కళ్లలోకి తిన్నగా చూశారు. రెండు కళ్లలోనూ నల్లగుడ్డు మీద తెల్లగా, పాలమీగడలా కమ్మేసి ఉంది.

"ఎప్పటి నుంచి?" అన్నారు.

"పోయిన వానాకాలం నుంచి. ఎవులికీ సెప్పనేదు బాబు. పిక్కలు తడుముకుని కొడతన్నాను. తెల్సిపోతే దీనికీ, దీనమ్మకీ బెంగ. ఈ గుంటకి సదువొచ్చుంటే నా కాడే ఉంచుకుందును. సదువూ నేక, గుడ్డిదానికి సాకిరీ సేసుకుంటా ఇక్కడెందుకు పడుండాల? అందుకే సిన్నమ్మిని రమ్మన్నాను."

"ఇవి శుక్లాలు అప్పయమ్మగారూ. ఆపరేషన్ చేస్తారు, చూపొస్తుంది. విశాఖపట్నం తీసుకెళ్లాలి, అంతే."

"ఎవులెల్తారు? బస్సు మీద ఏటుందో తెల్దు. ఆసుపత్రిలో ఏ గదో తెల్దు. ఆల్లు కాయితం ఇత్తే అందులో ఏటుందో తెల్దు. నాకు ఎవులు సదువుతారు?"

దుర్గకు మళ్లీ నిన్నటి కోపమే వచ్చింది. "నాను సదవనేటి?" అంది. "ఇప్పుడు సదివినాను కదా! నువ్వు దాచిందే సదివీసినాను!"

అప్పయమ్మ చెయ్యి చాపింది. ఆ చెయ్యి ముందు పలకను తాకింది, పలక మీదుగా వెళ్లి పిల్ల భుజాన్ని పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. మాస్టారు కిటికీ వైపు తిరిగి, అక్కడేదో పనున్నట్టు నిలబడ్డారు.

"మేస్టారూ, ఆ ఫోన్లో రాసింది పంపొచ్చునేటి? మా సిన్నమ్మికి ఆ వాట్సాపుంది," అంది అప్పయమ్మ చివరికి.

"పంపొచ్చు. ఏం రాయమంటారు?"

"మీరొద్దు. ఇది రాత్తాది. రావొద్దని రాయవే."

దుర్గ పలక మీద ఉన్నదాన్ని అరచేత్తో తుడిచేసింది. 'పిన్నీ రావొద్దు' అని రాసింది. ఆగింది. ఇంకా చోటుంది కదాని కింద ఇంకో వరస రాసింది. 'అమ్మమ్మకి నాను చదవాల.' మాస్టారు అందులో దిద్దవలసినవి ఒకటి రెండు కనిపించినా ముట్టుకోలేదు. ఫోటో తీసి, ఎస్. రాయవరం పంపించారు.

"ఏటి రాసినావే?" అని అడిగింది అప్పయమ్మ.

దుర్గ చదివి వినిపించింది.